అభ్యంతరం లేకపోతే

3వ తేదీ, సోమవారం

మా అమ్మ ఇవాళ పక్కింటావిడతో నా గురించి ఏం చెప్పిందో ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత నేనే నమ్మనేమోనని. "మా పెద్దదానికి ఏదైనా ఒకటే వదినా. కాదనడం దానికి పుట్టుకతోనే రాలేదు." ఆవిడ మెచ్చుకోలుగా తల ఊపింది. నేను మెట్ల దగ్గర చెప్పులు విప్పుకుంటున్నాను. విన్నాను. కాదనలేదు.

నాకు ఏదైనా ఒకటి కాదు. చెల్లి నా దువ్వెన వాడటం నాకు ఇష్టం లేదు. నాన్న వార్తలకి టీవీ సౌండు పెంచి, ప్రకటనలొచ్చినప్పుడు తగ్గించకపోవడం ఇష్టం లేదు. అమ్మ నన్ను అడక్కుండా నా టీలో రెండో చెంచా చక్కెర వేయడం అసలు ఇష్టం లేదు. నా తలలో రోజూ శాసనసభ జరుగుతుంది. ప్రతిపక్షం నేనే. ప్రసారం మాత్రం ఉండదు.

నిన్నటి సంగతే తీసుకుంటే, పెదనాన్నది కుర్చీల వ్యాపారం. కుటుంబ గ్రూపులో మెసేజి పెట్టాడు: "గోడౌన్‌లో నీళ్ళు కారుతున్నాయి. పన్నెండు కుర్చీలు మేడమీద గదిలో పెడదామనుకుంటున్నా. ఎవరికైనా అభ్యంతరం ఉంటే సాయంత్రంలోగా చెప్పండి." మేడమీద గది అంటే నా గది. జవాబు మూడుసార్లు రాశాను. మొదటిది మరీ కటువుగా ఉంది. రెండోది బతిమాలుతున్నట్టుంది. మూడోదాంట్లో "తగు సంప్రదింపుల అనంతరం" అని వచ్చింది, ఆఫీసు భాష. మూడూ చెరిపేశాను. ఇవాళ వచ్చేసరికి కుర్చీలు వచ్చేసి ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లలో, వరసగా, అన్నీ నా మంచం వైపు తిరిగి. నాటకం మొదలవడానికి ఎదురుచూస్తున్నట్టు.

నాకేం పట్టదు. నాలుగు రోజుల్లో పోతాయి.

4వ తేదీ, మంగళవారం

చెల్లి అడిగింది, "అక్కా, అసలు నువ్వు ఆఫీసులో ఏం చేస్తావే?" అని. విదేశాంగ శాఖ అంటే మా చుట్టాల లెక్కలో వీసాలు ఇప్పించే చోటు. పెళ్ళిళ్ళలో నన్ను చూడగానే పాస్‌పోర్టులు బయటికి తీస్తారు. చెల్లికి నోటితో చెప్పబోతే మధ్యలో ఫోన్ చూసుకుంది. కాబట్టి దానికి చెప్పాల్సింది ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

మాది మూడో అంతస్తులో ఒప్పందాల విభాగం. కిటికీలోంచి కార్ల పార్కింగు కనిపిస్తుంది. గోడ మీద పెద్ద ప్రపంచపటం. అద్దం బిగించే ముందు ఎవరో దాన్ని మడిచారట. ఆ మడత సరిగ్గా మా దేశం మీదుగా పోయింది. కొత్తవాళ్ళకి "ఆ గీత కనిపిస్తోందా, అదే మనం" అని చూపించాలి.

పని ఏమిటంటే, కొన్ని దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకుంటాయి. చివరి ముసాయిదా అందరికీ పంపి, ఫలానా రోజులోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే అంటారు. దాన్ని మౌన గడువు అంటారు. ఈలోగా ఒక్క దేశం కాదన్నా మళ్ళీ అందరూ కూర్చోవాలి. అలా కాదనడాన్ని మౌనభంగం అంటారు, ఏదో తపస్సు చెడగొట్టినట్టు. మా విభాగం పని ఆ గడువులు చూసుకోవడం. చూసుకుంటూ ఊరుకోవడం.

మా పైఅధికారికి నేను పెట్టుకున్న పేరు ఇస్త్రీ. ఆయన చొక్కా సాయంత్రానికి కూడా నలగదు, ఆయన మాటా అంతే. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా మన తరఫున మౌనభంగం జరగనివ్వలేదని నేను చేరిన రోజే చెప్పాడు. చెబుతూ కాలరు సర్దుకున్నాడు.

ఇవాళ ఒకటి వచ్చింది. పాత బ్యాటరీలు, ఆస్పత్రి చెత్త, రసాయనాల డ్రమ్ములు ఓడకెక్కించి వేరే దేశం రేవులో దించాలంటే ఆ దేశం ముందుగా ఒప్పుకుని తీరాలి. ఏళ్ళ తరబడి నలిగిన ఒప్పందం. చివరి ముసాయిదాలో ఒక కొత్త మాట చేరింది: "వీలైన చోట". వీలైన చోట ముందుగా ఒప్పుకోవాలట. చేర్చింది పెద్దన్న. పెద్దన్న అంటే ఏ దేశమో డైరీకి చెప్పక్కర్లేదు, మా ఆఫీసులోనూ ఎవరూ పేరు పెట్టి అనరు. గడువు వచ్చే శుక్రవారం.

ఇస్త్రీ చదివి పక్కన పెట్టాడు. అభ్యంతరం లేదన్న మాట.

నా ప్రొబేషన్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఊరికే రాశాను.

5వ తేదీ, బుధవారం

ఇంకో నాలుగు కుర్చీలు. నాకేం పట్టదు.

6వ తేదీ, గురువారం

ఆ ఒప్పందం మీద వీడియోలో సమావేశం. తెర మీద నలభై చిన్న గడులు, గడికో దేశం, సగం మంది కెమెరా కట్టేసుకున్నారు. నేను ఇస్త్రీ వెనక కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను.

చివర్లో ఒక ద్వీపం ఆవిడ మాట్లాడింది. వాళ్ళ దేశానికి రాయబారి, టైపిస్టు, డ్రైవరు అన్నీ తనేనట. వెనక గోడకి ఒక గొడుగు వేలాడుతోంది. మధ్యమధ్యలో దగ్గుతోంది. వాళ్ళకి ఒకటే రేవు, రేవు పక్కనే బడి. రెండేళ్ళ కిందట ఏదో ఓడ దించి పోయిన డ్రమ్ములు ఇంకా అక్కడే ఉన్నాయి, ఎవరివో తేలలేదు. పిల్లలు వాటిని గోల్ స్తంభాలుగా పెట్టుకుని ఆడుతున్నారు. ఇంతా చెప్పి ఒక్కటే అడిగింది:

"వీలైన చోట అని రాశారు. ఎవరికి వీలైన చోట?"

అధ్యక్షుడు ఆవిడ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళాడు. వాళ్ళది పరిశీలక దేశం. మాట్లాడే హక్కుంది, కాదనే హక్కు లేదు. కాదనే హక్కున్న మిగతావాళ్ళం నోట్సు రాసుకున్నాం.

నేను రాసుకున్నది ఇప్పుడు చూశాను. గొడుగు బొమ్మ వేశాను.

7వ తేదీ, శుక్రవారం

ఇస్త్రీని అడిగాను. గొంతు నాది కాదేమో అనిపించింది.

"సార్, మనం కాదంటే ఏమవుతుంది?"

"ఏమీ అవదమ్మా," అన్నాడు. "అదే నా భయం."

తర్వాత కూర్చోబెట్టి పాఠం చెప్పాడు, పాపం ప్రేమగానే. పెద్ద దేశాలకి బలం ఉంటుంది, చిన్న దేశాల మీద అందరికీ జాలి ఉంటుంది. మనది మధ్యరకం. బస్సులో మధ్య సీటు లాంటిది. కిటికీ మనది కాదు, దిగే దారీ మనది కాదు. కదిలితే రెండు పక్కలా మోచేతులు తగుల్తాయి. "పోనీ కాదన్నామే అనుకో. మనతో ఎవరొస్తారు? పక్కదేశం వాళ్ళొస్తారా? వాళ్ళు ఎప్పుడైనా నోరు తెరవగా చూశావా?"

కాలేజీలో నా ప్రాజెక్టు పేరు "మధ్యస్థాయి దేశాలు: స్వతంత్ర, ప్రగతిశీల విదేశాంగ విధానానికి అవకాశాలు". నూట పది పేజీలు. నీలం అట్ట. అవకాశాలు అపారమని తేల్చాను. మధ్య సీటువాడు లేస్తే తప్ప కిటికీ పక్కవాడు దిగలేడు కదా సార్, అనొచ్చు. ఎవరికీ ఎదురు తిరగక్కర్లేదు, ఒక్క మాట తీసేయమంటే చాలు కదా, అనొచ్చు. ఇవన్నీ నా తలలో ఒక పద్ధతిలో, ఉపశీర్షికలతో సహా వచ్చాయి.

బయటికి నేను అన్నది: "సరే సార్."

9వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం నాన్న కళ్ళద్దాల దుకాణంలో కూర్చున్నాను. ఇంట్లో పదహారు కుర్చీలు, కూర్చోడానికి చోటు లేదు.

ఒక పెద్దాయన అద్దాలు మార్పించుకోడానికి వచ్చాడు. నాన్న పరీక్షకి వాడే బరువైన ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, బిళ్ళలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతున్నాడు. ఆయన ప్రతిసారీ "రెండూ ఒకటే" అంటున్నాడు. నాన్న విసుక్కోకుండా ఆయన చేతికి ఒక పేపరిచ్చి, క్రీడల పేజీ గట్టిగా చదవమన్నాడు. ఒక బిళ్ళతో గడగడా చదివాడు. ఇంకోదానితో తడుముకున్నాడు.

ఆయన వెళ్ళాక నాన్న నవ్వాడు. "పదిమందిలో ఆరుగురు ఇంతే తల్లీ. తప్పు చెబితే నేనేదో మార్కులు తగ్గిస్తానని భయం. రెండూ ఒకటే అంటారు, తప్పు అద్దాలు పెట్టుకుపోతారు, నెల తర్వాత తలనొప్పని వచ్చి నన్ను తిడతారు."

నేను పేపరు మడిచాను. నాన్న నావైపు చూసి ఏదో అనబోయి, గుడ్డతో అద్దం తుడుచుకున్నాడు. మా ఇంట్లో అందరం ఇంతే.

10వ తేదీ, సోమవారం

ఇవాళ నాకు మతి పోయింది. నెమ్మదిగా రాస్తాను.

పక్కదేశం రాయబార కార్యాలయంలో ఒకావిడ ఉంది. ఏ సమావేశానికైనా ఊలు తెచ్చుకుని అల్లుతూ ఉంటుంది, అందుకని నాకు ఊలు ఆవిడ. ఏదో సంతకానికి మా భవనానికి వచ్చింది. క్యాంటీన్లో చోటు లేక నా ఎదురుగా కూర్చుంది. పిల్లల స్వెటరు, పసుపుపచ్చది. మాటల్లో శుక్రవారం గడువు సంగతి వచ్చింది. మీరేం చేస్తారని మర్యాదకి అడిగాను.

"మీరేం చేస్తే అదే," అంది, కుట్లు లెక్కపెట్టుకుంటూ.

పెద్దన్న మొహం చూసి కదా చేస్తారు, అన్నాను. నేనన్నానా? అన్నాను.

ఆవిడ సూదులు ఆపింది. "ఎవరు చెప్పారు? మా ఫైల్లో ప్రతిసారీ ఒకటే వాక్యం. పొరుగుదేశం మౌనం వహించినందున మనమూ వహించవచ్చు. పొరుగుదేశమంటే మీరేనమ్మాయ్. మా పైవాళ్ళు మీరు కదిలితే కదులుదామని కూర్చున్నారు, నేను ఈ ఉద్యోగంలో చేరకముందు నుంచీ."

నాకు గొంతులో బిస్కట్టు అడ్డం పడింది. ఎందుకంటే మా ఫైల్లో కూడా అదే వాక్యం ఉంది. అక్షరం పొల్లు పోకుండా. కింద ఇస్త్రీ పొట్టి సంతకం.

ఆవిడకి చెప్పాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, ఊలు ఉండ కింద పడి టేబుల్ కిందికి దొర్లింది. ఇద్దరం వంగి వెతికాం. అక్కడే, టేబుల్ కిందే, ఇంకో సంగతి చెప్పింది. దక్షిణాన ఉన్న మూడు దేశాలవాళ్ళూ మన రెండు దేశాలూ ఏం చేస్తాయో చూద్దామనుకుంటారట, ఆ ముగ్గుర్నీ చూసి ఇంకో నలుగురట. క్యూలో అందరం ముందువాడి వీపు చూస్తూ నిలబడ్డాం. ముందు కౌంటరే లేదు.

"మీరు కాదంటే మేమూ అంటామని రాసివ్వమంటే ఇవ్వలేను," అంది లేస్తూ. "కానీ మా ఆయన కన్నా మా పైఅధికారిని నేను ఎక్కువ ఎరుగుదును."

11వ తేదీ, మంగళవారం

నోట్ పెట్టాను. అరపేజీ. "వీలైన చోట" తీసేయమని మనం అడగాలని, పొరుగువాళ్ళు తోడు రావచ్చని. ఇస్త్రీ చదివి, నన్ను ఒకసారి, నోట్‌ని ఒకసారి చూసి, పైకి పంపాడు. ఆపలేదు. ఆపుతాడనుకున్నాను.

సాయంత్రానికి కిందికి వచ్చింది. ఇస్త్రీ: చూశాను. డైరెక్టరు: చూశాను. కార్యదర్శి: చూశాను, ఆకుపచ్చ సిరాలో. మంత్రిగారి ఆఫీసు నుంచి కూడా ఎవరో చూశారు.

"సార్, చూశాను అంటే సరేననా, వద్దనా?"

"చూశారని."

మా శాఖలో అందరి కళ్ళూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నాన్నకి ఒక్క గిరాకీ కూడా దొరకదు.

12వ తేదీ, బుధవారం

ఇవాళ ఏమీ రాయను.

కుర్చీల కవర్లు ఫ్యాను గాలికి గుసగుసలాడుతున్నాయి. పరుపు గోడ వైపుకి జరుపుకున్నాను. నాకేం పట్టదు అని ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో చూశాను. ఇంక రాయను.

13వ తేదీ, గురువారం

పొద్దున్నే పెదనాన్న మెసేజి: "ఒక డైనింగ్ టేబుల్ కూడా మేడమీద పెడుతున్నా. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రేపటిలోగా."

బస్సులో ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. కోపం రాలేదు. మంచి వాక్యం. ఎవర్నీ ఏమీ అడగదు. ఊరుకునేవాళ్ళని ఊరుకోనిస్తుంది. పని మాత్రం జరిగిపోతుంది.

మా శాఖలో కూడా ఇదే వాడతారు, చిన్న పనులకి. పార్కింగులో ఎవరి కారు ఎక్కడ, వార్షిక ఫొటోలో ఎవరు ఏ వరస, క్యాంటీన్లో సమోసాలా కట్లెట్లా. "ఫలానా సమయంలోగా అభ్యంతరం రాకపోతే అమలు చేస్తాం" అని కింది గుమస్తా కూడా అందరికీ పంపొచ్చు, శాఖ నియమావళిలోనే ఉంది. విదేశాంగ విధానానికి వాడకూడదని ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను. ఎవరికీ తోచి ఉండదు, అంతే.

పదకొండు గంటలకి ఇస్త్రీకి, డైరెక్టరుకి, కార్యదర్శికి, మంత్రిగారి ఆఫీసుకి ఒకే మెయిల్ పంపాను. నోట్ జతచేశాను. కింద: "రేపు మధ్యాహ్నంలోగా ఎవరి నుంచీ అభ్యంతరం రాకపోతే ఈ మేరకు మన అభ్యంతరం పంపబడుతుంది."

ఇది కేవలం ఫైలు ఒక కొలిక్కి తేవడం కోసం. ఇంకే ఉద్దేశం లేదు. వాళ్ళు ఎలాగూ వద్దంటారు. వద్దంటే నాకూ నిశ్చింత.

వద్దంటారు.

14వ తేదీ, శుక్రవారం

వద్దనలేదు.

పొద్దున్నించి మెయిల్ పెట్టె తెరిచి కూర్చున్నాను. కార్యదర్శి నుంచి ఒకటి వచ్చింది, తెరిస్తే అగ్నిమాపక శిక్షణ వాయిదా. ఇస్త్రీ మూడుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చాడు. మొదటిసారి ఏసీ మరీ చల్లగా ఉందా అన్నాడు. రెండోసారి పటం ముందు నిలబడి ఆ మడత మీద వేలితో నెమ్మదిగా రుద్దాడు, చదును చేయాలన్నట్టు. మూడోసారి, "నాకు పంటి డాక్టరు దగ్గర పనుందమ్మా, మధ్యాహ్నం ఉండను," అన్నాడు. ఆయన పళ్ళు గుర్రానికున్నంత గట్టివి. వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

చూశాడు. నాకు తెలుసు చూశాడని.

మధ్యాహ్నం దాటింది. అభ్యంతరం రాలేదు. ఈ భవనంలో ఎవరూ మౌనభంగం చేయరు, అది వీళ్ళ వల్ల కాదు.

ముసాయిదా పంపిన ఒప్పందం కార్యాలయానికి రెండు వాక్యాలు. మా దేశం "వీలైన చోట" అన్న మాటను అంగీకరించడం లేదు. దాన్ని తొలగించాలని కోరుతోంది. ఒకటికి నాలుగుసార్లు చదివాను. "తగు సంప్రదింపుల అనంతరం" అని చేర్చబోయి మానేశాను. పంపాను.

తర్వాత మొహం కడుక్కుని క్యాంటీన్లో కట్లెట్ తిన్నాను. రెండు తిన్నాను.

15వ తేదీ, శనివారం

టేబుల్ కూడా వచ్చింది. దాని కింద నుంచి పాకి మంచమెక్కాను. చెల్లి వీడియో తీసింది.

17వ తేదీ, సోమవారం

లిఫ్టులో మొదలైంది. "ఎవరు పంపారట?" "ఏమో, పైనుంచే అట." రెండో అంతస్తు వాళ్ళు మూడో అంతస్తు అంటున్నారు, మూడో అంతస్తు వాళ్ళు మంత్రిగారంటున్నారు. మంత్రిగారు ఏమంటున్నారో ఎవరికీ తెలీదు.

శుక్రవారం గడువు ముగిసేలోపే పక్కదేశం కూడా కాదంది. ఆ వెనకే దక్షిణాది ముగ్గురు. తర్వాత ఇంకో నలుగురు. మాతో కలిపి తొమ్మిది. ముసాయిదా మళ్ళీ చర్చకి వెళ్ళింది. ఒక పత్రికలో చిన్న వార్త, "తొమ్మిది మధ్యస్థాయి దేశాల కొత్త గొంతు" అని. మా నీలం అట్ట ప్రాజెక్టు గైడు చదివి ఉంటే బావుణ్ణు.

అసలు విశేషం వేరే ఉంది. పెద్దన్న రాయబార కార్యాలయం నుంచి ఫోన్ వస్తే ఇస్త్రీ లేచి నిలబడి మాట్లాడాడు. తిడతారనుకున్నాం. తిట్టలేదట. చాలా మర్యాదగా, "మీకు ఏం కావాలి?" అని అడిగారట. ఇస్త్రీ ఫోన్ పెట్టేసి మా అందరివైపు అయోమయంగా చూశాడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఏం వద్దో అన్నదానికే మొన్నటిదాకా ఫైలు లేదు. ఏం కావాలో అన్నదానికి ఇప్పుడు తెరవాలి.

ద్వీపం ఆవిడ మా విభాగానికి ఒక ఫొటో పంపింది. గొడుగు తెరిచి ఉంది. కింద ఏమీ రాయలేదు.

ఊలు ఆవిడ మెసేజి: "మా పైఅధికారి ఇవాళ స్వీట్లు పంచాడు. ఎందుకో చెప్పలేదు."

18వ తేదీ, మంగళవారం

ఇస్త్రీ తన గదికి పిలిచి తలుపు వేశాడు. మొదటిసారి ఆయన చొక్కా మీద ముడత చూశాను, మోచేతి దగ్గర.

కార్యదర్శి తలపట్టుకున్నాడట. మంత్రిగారికి పత్రికలో వార్త నచ్చింది కానీ పెద్దన్నతో వచ్చే నెల ఏదో సమావేశం ఉంది. అందరికీ మర్యాదగా ఉండే దారి ఒకటి ఆలోచించారు. శుక్రవారం వెళ్ళిన మెయిల్ సాంకేతిక పొరబాటు. చిత్తుప్రతి అనుకోకుండా బయటికి పోయింది. అలా అని నేను ఒక్క పేరా రాసిస్తే అభ్యంతరం వెనక్కి తీసుకుంటారు. నా మీద ఏమీ ఉండదు. ప్రొబేషన్ ఈ వారమే ఖాయం చేస్తారు. రాయకపోతే విచారణ ఉంటుంది, అప్పుడు ప్రొబేషన్ సంగతి తన చేతిలో ఉండదు.

"మిగతా ఎనిమిది దేశాలు, సార్?"

"మనం వెనక్కి వస్తే వాళ్ళూ వస్తారు. నీకు తెలుసు కదా, వరస."

"మీరు కూడా మెయిల్ చూశారు కదా సార్."

ఆయన పేపర్‌వెయిట్ తిప్పాడు. "నేనూ అభ్యంతరం చెప్పలేదు కదమ్మా," అన్నాడు మెల్లగా. "అంతకన్నా నాకు చేతకాదు. ఈ వయసులో నేర్చుకోలేను."

ఆ క్షణంలో ఆయన మీద నాకు కోపం పోయింది. వెంటనే మళ్ళీ వచ్చింది, ఎందుకంటే నేను లేచేటప్పుడు ఇది చెప్పాడు:

"రాయడం ఇబ్బందిగా ఉంటే వద్దులే. రేపు మధ్యాహ్నంలోగా నువ్వేమీ అనకపోతే నీకు సమ్మతమే అనుకుని మేమే రాసేస్తాం. నువ్వు మంచిపిల్లవి, దేనికీ అడ్డు చెప్పవు."

సరే సార్ అనలేదు. వద్దు సార్ అని కూడా అనలేదు. నా కాళ్ళు నన్ను బస్సెక్కించాయి.

ఇంట్లో చెప్పాను. మొదటిసారి అంతా చెప్పాను, టీవీ కట్టేసి మరీ. అమ్మ సగం విని, "రాసేస్తే పోయేదేముందే, నీకు ఏదైనా ఒకటేగా," అంది. ఉద్యోగం నిలబడాలని ఆవిడ ఆరాటం. చెల్లి మాత్రం, "అంటే ఆ మెయిల్ నిజంగా నువ్వే పంపావా? మేడమీద టేబుల్ కింద పాక్కుంటూ వెళ్ళి పడుకునే నువ్వా?" అని కళ్ళు ఇంత చేసుకుంది. అది వెక్కిరింతో మెచ్చుకోలో దానికే తెలీదు. అమ్మకి ఒక్క మాటే చెప్పాను. నాకు ఏదైనా ఒకటి కాదమ్మా, టీలో రెండో చెంచా కూడా వద్దు. అమ్మ వింతగా చూసింది. "ఇన్నేళ్ళూ తాగావు కదే," అంది. నిజమే. తాగాను.

నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, దుకాణంలో గొంతుతో అడిగాడు, "ఇది బాగుందా, అది బాగుందా?"

చెప్పాను, ఏది బాగుందో. తల ఊపాడు, చీటీ మీద పవరు రాసుకున్నంత మామూలుగా.

పైకి వచ్చి గ్రూపులో పెట్టాను: "పెదనాన్నా, నాకు అభ్యంతరం ఉంది. కుర్చీలూ టేబులూ నా గదిలోంచి ఆదివారంలోగా తీసేయండి." ఒక్కసారే రాశాను. చెరపలేదు. పెట్టి, ఫోన్ బోర్లా తిప్పి, పదహారు కుర్చీల మధ్య చెవులు మూసుకుని కూర్చున్నాను.

పెదనాన్న వెంటనే ఫోన్ చేశాడు. నొచ్చుకున్నాడు, కోపంతో కాదు. "అయ్యో అమ్మడూ, ముందే ఒక్క మాట చెప్పకూడదూ? నీకేం ఇబ్బంది లేదనుకున్నాగా. మా హాల్లో బోలెడు చోటుంది." బోలెడు చోటుందట. ఇన్ని రోజులూ ఉందట.

నవ్వొచ్చింది. కొంచెం ఏడుపు కూడా. కొంచెమే.

19వ తేదీ, బుధవారం

పొద్దున కుర్చీలు తీసుకెళ్ళడానికి మనుషులొచ్చారు. ఆదివారం దాకా ఆగలేదు. గది మరీ పెద్దదిగా ఉంది, నడిస్తే చప్పుడవుతోంది.

మధ్యాహ్నానికి ముందే ఇస్త్రీకి, డైరెక్టరుకి, కార్యదర్శికి, మంత్రిగారి ఆఫీసుకి మెయిల్ పంపాను. అందులో ఉన్నది ఇదే: శుక్రవారం మెయిల్ పొరబాటున వెళ్ళలేదు. నేను పంపాను, తెలిసి పంపాను, ముందుగా మీ అందరికీ చెప్పి పంపాను. దాన్ని పొరబాటు అని నేను రాయను. నా తరఫున ఇంకెవరైనా రాయడానికి నాకు అభ్యంతరం ఉంది.

విచారణ సోమవారం. వెళ్తాను.